ఇరవై మూడు కిలోలు

పుంతా అరేనాస్‌లో గాలి మనకంటే ముందే డ్యూటీ ఎక్కుతుంది.
ఈ పొద్దున కూడా నాకన్నా ముందొచ్చి
రన్‌వే పక్క గడ్డినంతా ఒకే వైపుకు దువ్వి కూర్చుంది.
నేను నేలిదా బర్రీయాని. సామాను ఎక్కిస్తాను.
పద్దెనిమిదేళ్లుగా ఎన్నో ఊళ్లను పిడి పట్టుకుని మోశాను,
ఒక్క ఊరూ చూడలేదు.

బెల్టు మీద గిటారు, ఉన్ని బస్తా, ఎవరిదో చక్రాల కుర్చీ.
ఆ వెనక త్రాపో.
త్రాపో అంటే పాత గుడ్డ. మందలు కాసిన కుక్క.
ఒక చెవి నిలబడుతుంది, ఒకటి నిలబడనంటుంది.
పెట్టె మీద ఎర్రగా: ప్రాణమున్నది, ఈ వైపు పైకి.
కాగితంలో మాత్రం, ఇరవై మూడు కిలోలు.

దాన్ని అప్పగించినాయన డెల్ఫిన్ ఒయార్సో.
మందను అమ్మేశారట, ఇద్దరికీ ఒకేరోజు పని పోయింది.
"మత్తుమందు ఇద్దామనుకున్నా. డాక్టరమ్మ తిట్టింది.
తాగినోడు పడవలో నిలబడగలడా అంది."
గిన్నెలో నీళ్లు రాత్రే గడ్డకట్టించి తెచ్చాడు:
ఎత్తేటప్పుడు ఒలకవు, దాహమేసే వేళకు కరుగుతాయి.
లోపల తన స్వెటర్ పరిచాడు, ఉతకనిది.
"ఉతికితే అందులోంచి నేను పోతాను."

"కింద ఎలా ఉంటుంది?" అనడిగాడు.
ఏం చెప్పను?
మీరు పీల్చే గాలే. వెచ్చదనం మాత్రం
పైలట్ ఒక మీట తిప్పితేనే.
తిప్పాలంటే తెలియాలి.
తెలియాలంటే ఒక కాగితం మెట్లెక్కాలి.
"చీకటి," అన్నాను. "వెచ్చటి చీకటి."

మాటిచ్చేశాను, చూశారా.

రెండేళ్ల కిందట, జనవరి ఎండలో, సాంతియాగోలో
బదులు డ్యూటీకి వెళ్లినప్పుడు
ఒక చప్పిడిముక్కు కుక్కపిల్ల బండి మీదే ఉండిపోయింది.
నీడ పది అడుగుల దూరంలో ఉంది.
తోయడం ఎవరి పనో ఎవరికీ తెలియలేదు.
దాని చీటీ ఇప్పటికీ నా లాకర్లో ఉంది.
పారేయబోతాను. చెయ్యి రాదు.

నోరులేని జీవాలంటారు.
నోరు ఉంది. మొరుగుతుంది, గీరుతుంది, మూలుగుతుంది.
వినాల్సిన చెవి
ఇనుప నేలకు పైన, కాఫీ తాగుతూ ఉంటుంది.

తలుపు మూసే ముందు కెప్టెన్ కాగితం చూశాను.
జంతువుల గడి ఖాళీ.
"పద, ఆలస్యమైంది. ఈపాటికి చెప్పే ఉంటారు," అన్నాడు ఎలియేసర్.
చెప్పే ఉంటారు!
ఈ భూమ్మీద అంతకంటే చల్లటి మాట లేదు,
మా ఊరి గాలి కూడా దాని తర్వాతే.

మెట్లెక్కాను. గాలి నా టోపీని తీసుకుంది, తీసుకోనీ.
కెప్టెన్ చిన్నమ్మాయి, నోట్లో సగం రొట్టె.
"వెనక అరలో కుక్క ఉంది. పేరు త్రాపో."
పేరు అవసరం లేదు. నోట్లోంచి వచ్చేసింది.
ఆమె తలెత్తి మీట వైపు చూసింది.
"ఇంకా తిప్పలేదు," అంది, దాచకుండా.
టిక్.
అంత చిన్న చప్పుడు.

నాలుగు నిమిషాల ఆలస్యం.
కారణం: గాలి, అని రాశాడు ఎలియేసర్.
పాపం, దానికి అలవాటే.

సాయంత్రం సాంతియాగో నుంచి ఫోన్.
నేనెప్పుడూ చూడని మనిషి, నాలాగే సామాను దించేవాడు.
"నువ్వడిగిన గిన్నె ఖాళీగా ఉంది.
స్వెటర్ మీద పడుకుంది. నన్ను చూసి మొరిగింది."
ఎలా మొరిగిందని అడిగేలోపు
వెనక ఇంకో విమానం గర్జించింది, పెట్టేశాడు.

చేతి తొడుగులు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
ఉన్ని, తడి, కొంచెం కుక్క.
రేపటి జాబితాలో రెండు పిల్లులు, ఒక తాబేలు.
తాబేలుకి ఎంత వెచ్చదనం కావాలో
ఇంటికెళ్లే దారిలో ఎవరినైనా అడగాలి.